‘గురుత్వ విజయం’ అట్టకు టీకా తాత్పర్యం

మూలం: “గురుత్వాకర్షణను జయించి గాలిలోకి లేచిన యాంటీ గ్రావిటీ యంత్రం, మన పూర్వులకు ఏనాడో తెలిసిన విద్య.”

అవతారిక: బడి వైజ్ఞానిక ప్రదర్శనల్లో లిఫ్టరు అనే తేలికపాటి పరికరం పక్కన నిలిపే అట్టల ధోరణిని ఒక్క వాక్యంలోకి కూర్చగా ఏర్పడిన పాఠం పైది. సూర్యాపేటలో నిలిపినా, కోదాడలో నిలిపినా, మిర్యాలగూడలో నిలిపినా దీని అర్థం మారదు; అట్టకు బదులు ఫ్లెక్సీ కట్టినచోట మాత్రం ముఖ్య అతిథి బొమ్మ అధికపాఠంగా చేరుతుంది.

ప్రతిపదార్థం: పదాలన్నీ సుబోధాలు గనుక విడువబడ్డాయి. ‘జయించి’ అనే క్త్వార్థకం దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగాలి. ముందు జయించడం, ఆ తరువాత లేవడం అని వ్యాకరణం చెబుతుంది గనుక, యంత్రం బల్లమీద కదలక కూర్చున్నప్పుడే విజయం పూర్తయిందని ఒప్పుకోవలసి వస్తుంది. కానివ్వండి.

అధ్యాహారం: మూలకారుడు చెప్పక విడిచిన మాటను అన్వయం కుదరడానికి వ్యాఖ్యాత తెచ్చి చేర్చడాన్ని అధ్యాహారం అంటారు. ఇక్కడ చేర్చవలసిన మాట ‘కరెంటు పెట్టె తప్ప’ అనేది. పైకి లేచేది సన్నని పుల్లలతో కట్టిన త్రికోణపు చట్రం, దాని పైఅంచున వెంట్రుకలాంటి రాగి తీగ, దానికి మూడు సెంటీమీటర్ల కింద వంటింటి అల్యూమినియం రేకు. అన్నీ కలిపి కొన్ని గ్రాములు. తీగకూ రేకుకూ మధ్య 20 నుంచి 30 వేల వోల్టులు నిలిపే ట్రాన్స్‌ఫార్మరు, తరచుగా పాత డబ్బా టీవీ నుంచి ఊడదీసినది, బల్లమీదే ఉండిపోతుంది. ఓడిపోయిన గురుత్వాకర్షణ దాన్ని ఎందుకు వదల్లేదో మూలకారుడు సెలవియ్యలేదు.

సిద్ధాంతం: తీగ ఎంత సన్ననిదైతే దాని చుట్టూ విద్యుత్ క్షేత్రం అంత తీవ్రమవుతుంది. ఆ తీవ్రత సెంటీమీటరుకు సుమారు 30 వేల వోల్టులు దాటినచోట గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయి, మిగిలిన అణువులు ఆవేశం పొందుతాయి. ఆవేశం పొందిన అణువును అయాను అనీ, ఈ వ్యవహారాన్ని కరోనా ఉత్సర్గం అనీ అంటారు. తీగ ధనధ్రువమైతే ధనావేశపు అయాన్లు రేకు వైపు పరుగెత్తుతూ, దారిలో తగిలిన మామూలు అణువులను గుద్ది తమతోపాటు కిందికి నెడతాయి. అలా వీచేదే అయాను గాలి. గాలిని కిందికి నెట్టిన చట్రం న్యూటన్ మూడవ నియమం ప్రకారం తాను పైకి నెట్టబడుతుంది. ఒక మిల్లీ ఆంపియరు కరెంటుకు, మూడు సెంటీమీటర్ల ఎడానికి లెక్క కడితే 15 గ్రాముల బరువు మోయగల తోపు వస్తుంది. 25 వేల వోల్టుల దగ్గర అందుకయ్యే ఖర్చు 25 వాట్లు. ఈ గాలి కొత్తదీ కాదు. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ హాక్స్‌బీ దీన్ని 1709లోనే గ్రంథస్థం చేశాడు.

వాయువిచారం: గురుత్వం, వాయువు ఒకే వాక్యంలో కలిశాయి గనుక అన్నంభట్టును తలచుకోకుండా ముందుకు పోవడం అపచారం. 17వ శతాబ్దపు ఈ తెలుగు తార్కికుడు తర్కసంగ్రహం రాసి, దానికి దీపిక అనే వ్యాఖ్యను కూడా తానే రాసుకున్నాడు. ఇతరుల వ్యాఖ్యానాల మీద ఆయనకు ఎంత నమ్మకముండేదో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఆయన లెక్కలో గురుత్వం అనేది వస్తువు తొలిసారి పడటానికి అసమవాయి కారణం, అంటే పడే వస్తువులోనే ఉండి ఆ పతనాన్ని పుట్టించే గుణం. ‘తొలిసారి’ అన్న విశేషణం ఊరికే పెట్టింది కాదు. ఆ తరువాతి పతనాలకు వేగం కారణమవుతుంది గనుక, ఆ మాట తీసేస్తే లక్షణం వేగానికి కూడా పట్టి అతివ్యాప్తి దోషం వస్తుంది. ఒక్క విశేషణం పెట్టడానికి ఇంత ఆలోచించిన వంశం మనది. గురుత్వం పృథివికీ జలానికే ఉంటుందనీ, వాయువుకు ఉండదనీ ఆయన మతం. ఘనమీటరు గాలి 1.2 కిలోలు తూగుతుందని నేటి తక్కెడ చెబుతుంది గనుక ఆ భాగాన్ని నమస్కరించి పక్కన పెట్టాలి. వాయులక్షణం మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు: రూపం లేనిది, స్పర్శ ఉన్నది. లిఫ్టరు రహస్యమంతా ఇందులోనే ఉంది. రూపం లేదు గనుక చూసేవారికి గాలి కనబడదు. అధిక వోల్టేజి భయంతో చేయి పెట్టకూడదు గనుక స్పర్శా తెలియదు. ఈ రెండు ద్వారాలూ మూసుకున్నచోట మూడోదిగా అట్ట మాట్లాడుతుంది.

అన్వయ వ్యతిరేకాలు: కారణం ఉంటే కార్యం ఉండటం అన్వయం, లేకుంటే లేకపోవడం వ్యతిరేకం. గాలి ఉన్నచోట లిఫ్టరు లేస్తుంది. గాలిని తోడేసిన పాత్రలో లేవదు. ధ్రువాలు తారుమారు చేసినా తోపు తీగ వైపే ఉంటుంది. అన్నిటికన్నా సులువైనది, చట్రాన్ని పక్కకు వాల్చి వేలాడదీస్తే అది పక్కకే నెట్టుకుపోతుంది. గురుత్వానికి పక్కచూపు లేదు. ఈ పరీక్షకు పైసా ఖర్చు కాదు. అయినా బహుమతి ఇచ్చేవారు దీన్ని అడగరు, అట్ట మీది అక్షరాల సైజు చూసి మార్కులు వేస్తారు.

పూర్వపక్షం: అమెరికాలో థామస్ టౌన్సెండ్ బ్రౌన్ ఈ తోపును గురుత్వంతో ముడిపెట్టి 1928లో బ్రిటిష్ పేటెంటు పొందాడు కదా అంటే, పొందాడు. 2004లో నాసా కోసం జరిగిన అధ్యయనం అయాన్లు గాలిని నెట్టడమే దీనికి సరిపడే వివరణ అని చెప్పింది. పూర్వుల విద్య సంగతికొస్తే, ఇలాంటి మాటలకు ఆధారంగా చూపే వైమానిక శాస్త్రం 1918, 1923 మధ్య సుబ్బరాయశాస్త్రి చెప్పగా రాసుకున్నదనీ, అందులోని విమానాలు ఎగరలేవనీ బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ పండితులు ఐదుగురు 1974లోనే తేల్చారు.

దృష్టాంతం: మిర్యాలగూడకు దగ్గర్లో దామరచర్ల మండలంలో ఒక్కొక్కటి 800 మెగావాట్ల ఐదు యూనిట్లతో యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది. బొగ్గు మండించే ఇలాంటి కేంద్రాల్లో పొగగొట్టానికి ముందు ఈఎస్‌పీ అనే పెద్ద గది ఉంటుంది. అందులో పలకల మధ్య వేలాడే తీగల చుట్టూ ఇదే కరోనా పుట్టి, బూడిద రేణువులకు ఆవేశం ఎక్కించి పలకలకు అంటిస్తుంది, సుత్తెలు వాటిని రాల్చుతాయి. ఆ బూడిద సిమెంటులో కలుస్తుంది. ఆ గది మీద ‘ధూమవిజయం’ అని ఎవరూ రాయలేదు. అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు 2018లో 40 వేల వోల్టులతో, కరెంటు పెట్టెను కూడా మోసుకుంటూ, ఐదు మీటర్ల రెక్కల విమానాన్ని 60 మీటర్లు ఎగిరించి, అది అయాను గాలి అనే చెప్పారు.

తాత్పర్యం: పుల్లలు అతికించి, తీగ తెగకుండా లాగి, చట్రాన్ని నిజంగా లేపిన పిల్లవాడి పని గొప్పది, ప్రాణం తీయగల వోల్టుల దగ్గర వాడిని నిలబెట్టి, వాడు కనుగొన్న గాలిని వాడి చేతే కాదనిపించడం పెద్దల నేరం. అట్ట తీసేసి, పొడుగాటి ఎండు వెదురుపుల్ల చివర వెలిగించిన అగరుబత్తి కట్టి చట్రం కింద చూపిస్తే పొగే సాక్ష్యం చెబుతుంది. న్యాయనిర్ణేతలు చట్రాన్ని పక్కకు తిప్పి చూపమని తప్పక అడగాలి, తిప్పే ముందు స్విచ్చి ఆపించి, తీగను ఎర్తు చేయించాలి. ఆపిన తరువాత కూడా ఆవేశం కొంతసేపు నిలిచే ఉంటుంది.