ముందు ‘మహా’ తగిలించండి

ఆహ్వానపత్రంలో సభ సాయంత్రం ఆరింటికి అని ఉంది. ఆరున్నరకి మైకు కుర్రాడు వచ్చాడు. ఏడింటికి ముఖ్య అతిథిగారి పీఏ ఫోన్ చేసి ‘సార్ బయల్దేరారు’ అన్నాడు. అంటే సార్ స్నానానికి లేచారని అర్థం. ఏడున్నర దాటాక అతిథి దిగారు. రిబ్బను లాగారు. పుస్తకాన్ని ఫొటోగ్రాఫర్ వైపు తిప్పి పట్టుకున్నారు, తలకిందులుగా. కవిగారి పేరు తప్పు పలికారు. పుస్తకం పేరు అసలు పలకనే లేదు. ‘ఇలాంటి మహాకవి మన జిల్లాలో పుట్టడం’ అని ఎత్తుకుని, ప్రభుత్వ పథకాల మీదుగా ప్రయాణించి, అట్నుంచటే కారెక్కి వెళ్లిపోయారు.

అప్పుడు చూడాలి కవిగారి మొహం. వెలిగిపోతోంది! పేరు తప్పు పలికితేనేం? ‘మహా’ మాత్రం స్పష్టంగా పలికారు.

ఇలాంటివి నేనెన్ని చూశానో అడక్కండి. మీరూ లెక్కపెట్టడం మానేసి చాలాకాలం అయ్యుంటుంది.

ఇంతకీ ఈ ‘మహాకవి’ బిరుదు ఇచ్చిందెవరు? ఒక సాహితీ సంస్థ. దానికి అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి అన్నీ ఒక్కడే. ఈ నెల ఆయన ఈయనకి ‘కేసరి’ ఇస్తాడు. వచ్చే నెల ఈయన ఆయనకి ‘సింహ’ ఇస్తాడు. గిర్ అడవుల్లో కూడా ఇన్ని ఉండవు. శాలువా ఖర్చెవరిది? అడక్కండి. కొన్నిచోట్ల అది సన్మానం చేయించుకునేవారి ఖాతాలోనే పడుతుంది, హాలు అద్దెతో పాటు.

చివర్లో స్పందన. కవిగారు మైకు పట్టుకుని, గొంతు తగ్గించి, ‘నేను నిత్య సాహిత్య విద్యార్థిని మాత్రమే’ అంటారు. ఖర్మకాలి ఓ కుర్రాడు ఆ మాట నమ్మాడు. సభ అయ్యాక దగ్గరికి వెళ్లి, ‘సార్, మొదటి కవితలో చివరి రెండు పాదాలు తీసేస్తే ఇంకా బాగుంటుందేమో’ అన్నాడు. మర్నాడు పొద్దున్నే కుర్రాణ్ని వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. పాదాలు అలాగే ఉన్నాయి.

ఎవరి సరదా వాళ్లది, మనకేం నష్టం అంటారా? ఉంది. ఈయన ఒకప్పుడు నిజంగా బాగా రాసేవాడు. నా కడుపుమంట అదే. సంతలో మేకలమ్మే ముసలామె నోట విన్న ఒక్క మాట తెచ్చి కవితలో పెడితే చదివినవాడికి ఒళ్లు జలదరించేది. ఎందుకంటే అప్పుడు సంతకి వెళ్లేవాడు. ఇప్పుడెళ్తాడా? మహాకవి బీరకాయలు బేరమాడతాడా? బస్సులో పక్క సీటువాడి గోడు వింటాడా? వినడు. ఎదుటివాడు మాట్లాడుతున్నంతసేపూ తన వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాడు. తెల్లవారుజామున ఓ చిన్న వాక్యం వచ్చి తలుపు తట్టిందే అనుకోండి, ముందు దాని హోదా అడుగుతాడు. దేని గురించి? కాకి గురించా? మన స్థాయికి కాకేమిటి! విశ్వమానవుడి మీద ఏమన్నా ఉంటే రమ్మను. వాక్యం వెనక్కి వెళ్లిపోతుంది. కవిగారు కలం తీసి ‘ఓ విశ్వమానవా!’ అని మొదలుపెడతారు. ఎక్కడున్నాడో ఏమో, ఆ మానవుడు ఇంతవరకూ పలికిన పాపాన పోలేదు.

ఇంకో ముచ్చట. బిరుదు పడ్డాక మనిషికి చెత్తగా రాసే ధైర్యం పోతుంది. మొదటి చిత్తుప్రతి ఎవరిదైనా చెత్తగానే ఉంటుంది. దాన్ని కొట్టేసి, చించేసి, మళ్లీ రాస్తేనే ఏదో ఒకటి తేలుతుంది. ‘మహా’ తగిలించుకున్నవాడు కొట్టేస్తే ఎలా? మహాకవి రాసింది తప్పవుతుందా? అందుకని అచ్చుకి పంపేస్తాడు. గురజాడ సంగతి చూడండి. ‘కన్యాశుల్కం’ 1892లో ఆడారు, చప్పట్లు పడ్డాయి. 1897లో అచ్చయింది, పేరొచ్చింది. మనవాడైతే అక్కణ్నుంచి ప్రతి ఏటా ఆ నాటకానికి వార్షికోత్సవం చేసుకుంటూ కూర్చునేవాడు. గురజాడ మళ్లీ రాయడానికి కూర్చున్నాడు. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. ఇవాళ మనం నెత్తిన పెట్టుకున్న మధురవాణి అలా రెండోసారి కూర్చున్నప్పుడే అంత మనిషయింది. చప్పట్లు పడిన దాన్ని విప్పి మళ్లీ కుట్టేవాడు ఇప్పుడెవడున్నాడు? పేరు చెప్పండి, నేనే వెళ్లి శాలువా కప్పి వస్తాను.

పాతవాళ్లందరూ వినయసంపన్నులని నాకేం భ్రమ లేదు. శ్రీనాథుడి దర్పం తెలియనిదెవరికి? తిరుపతి వేంకట కవులు మీసాలు పెంచి, మమ్మల్ని గెలిచినవాడుంటే తీసేస్తామని సవాలు విసిరారు. పొగరే. కాకపోతే ఆ పొగరుకి పరీక్ష ఉండేది. శతావధానమంటే నూరుమంది పృచ్ఛకులు. తడబడితే ఆ సభలోనే పరువు పోతుంది. మనవాణ్ని ఎవరు ప్రశ్నిస్తారు? వేదిక మీద ఉన్నవాళ్లు పొగుడుతారు, కింద ఉన్నవాళ్లు వేదికెక్కే వంతు కోసం ఎదురుచూస్తుంటారు. అదీగాక, మీసాలు దువ్విన ఆ ఇద్దరూ పద్యం దగ్గరికొచ్చేసరికి ఇది నాది, అది నీది అని పంచుకోలేదు. దివాకర్ల తిరుపతి శాస్త్రి ముందు పోయారు. చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి ఆ తర్వాత తానొక్కడే రాసినవాటినీ జంటపేరుతోనే వెలువరించారు. చనిపోయిన మిత్రుడికి తన పద్యాల్లో వాటా ఇవ్వడం! మన కవిగారు బతికున్న సహరచయిత పేరే అట్ట మీద పట్టలేదంటాడు. అట్ట మీద ఏం పట్టింది మరి? ఆయన ఫొటో.

శ్రీశ్రీకి అహం తక్కువని ఆయన వీరాభిమానులు కూడా అనరు. కానీ ‘మహాప్రస్థానం’ తెరవండి. అంకితం ఎవరికి? కొంపెల్ల జనార్దనరావుకి. చిన్న వయసులో లోకానికి పట్టకుండా వెళ్లిపోయిన స్నేహితుడికి. ఆ గీతాల్లో ఎక్కువ భాగం 1930ల్లో రాసినవే. పుస్తకంగా రావడానికి 1950 దాకా పట్టింది. ఇప్పుడో? పొద్దున రాసింది సాయంత్రానికి ఆవిష్కరణ. అంకితం ఎమ్మెల్యేకి. ఎమ్మెల్యే దొరక్కపోతే కాంట్రాక్టరుకి.

ఇక పోతన. మన సభలన్నీ ఆయన పటానికి దండేసే మొదలవుతాయి. పలికేది భాగవతం, పలికించేవాడు రామభద్రుడు అని మొట్టమొదటే చెప్పేసినవాడు. గజేంద్రమోక్షంలో ఒక పద్యం సాగక ఆయన లేచి బయటికెళ్తే, రాముడే పోతన రూపంలో వచ్చి పూర్తి చేసి పోయాడని ఓ కథ. కథే కానివ్వండి. పద్యం ఆగినప్పుడు గంటం కింద పెట్టి లేచి వెళ్లడం ఉంది చూశారూ, ఆ ఒక్కటీ మనవాడికి చేతకాదు. ఇప్పుడు రాముడొచ్చి ఓ పాదం అందించాడే అనుకోండి, ముందుమాట చివర చిన్నక్షరాల్లో ‘డీటీపీలో సహకరించిన మిత్రుడు రాముడికి’ అని వేస్తే గొప్ప. పటానికి దండేశాక రెండు గంటలపాటు ఏం వినబడుతుంది? నేను. నా. నాకు.

ఏలినవారికి ఈ నేను-నాకు కవులంటే మహా ముద్దు. ఎందుకుండదు? చవగ్గా వస్తారు. ఓ శాలువా, ఓ జ్ఞాపిక, ముందు వరసలో ఓ కుర్చీ. ఉగాది కవి సమ్మేళనం చూడండి. కోయిల, వేపపూత, మామిడి చిగురు, చివర్లో ముఖ్యమంత్రిగారు. ప్రభుత్వం మారితే కోయిల అదే, చిగురు అదే, ఆ చివరి పేరొక్కటే మారుతుంది. ఛందస్సు ఒప్పుకోకపోతే పేరుకి ముందో వెనకో ఓ ‘మహా’ తగిలించి సర్దేస్తారు. అరవైమంది కవులు, మనిషికి రెండు నిమిషాలు. చదివినవాడు చదివినట్టే సర్టిఫికెట్ పుచ్చుకుని జారుకుంటాడు. ఆఖరి కవి వంతు వచ్చేసరికి మిగిలేది అధ్యక్షుడు, మైకు కుర్రాడు. వాళ్లు లేచిపోవడానికి లేదు.

ఈ ముద్దు వల్ల ఏలినవారికి లాభమేమిటంటారా? మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నారు మీరు. అది ఎక్కడికి పోతోంది? మున్సిపాలిటీలు వసూలు చేసుకుని గ్రంథాలయ సంస్థలకి బకాయి పెట్టడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాత రోగమే. కొత్త పుస్తకాలు కొనరు. రిటైరైన లైబ్రేరియన్ స్థానంలో ఇంకొకర్ని వెయ్యరు. పొద్దున్నే పేపర్ చదవడానికొచ్చే పెద్దాయన విరిగిన బల్లని గోడకి ఆనించుకుని కూర్చుంటాడు. మంత్రిగారు మాత్రం ప్రతి వేదిక మీదా ‘పుస్తకమే మన ఆస్తి’ అంటారు. ఆస్తి సరే, దాని మీద వసూలైన పన్నేదీ? ఈ మాట అడగాల్సిందెవరు? పుస్తకాలు రాసేవాళ్లు. వాళ్లేం చేస్తున్నారు? తమ పుస్తకం ఓ వంద కాపీలు కొనిపించమని అదే మంత్రిగారికి అర్జీ రాస్తున్నారు.

కవిగారూ, వచ్చే ఉగాదికి మీకెలాగూ పిలుపొస్తుంది. మంత్రిగారు ముందు వరసలోనే ఉంటారు. కోయిలని ఓ ఏడాది చెట్టు మీదే ఉండనివ్వండి. ఆ విరిగిన బల్ల మీద రాయండి, ఆ ఎనిమిది పైసల మీద రాయండి. బాగా రాకపోయినా ఫర్వాలేదు, రెండు నిమిషాలే కదా. నాలుగో పాదం దగ్గర మైకు ఆపేస్తారు. ఆపనివ్వండి. శాలువా కూడా ఇవ్వకపోవచ్చు. ఇంట్లో బీరువా నిండా ఉన్నాయిగా?