మడి

కిడ్నీలు రెండూ చేతులెత్తేశాక ఆ ఇంటి కొడుకు పెరిటోనియల్ డయాలసిస్‌కి మళ్లాడు. పొట్టలో అమర్చిన గొట్టంలోంచి రాత్రంతా మిషను మందునీళ్లు ఎక్కిస్తూ దించుతూ ఉంటుంది. పొట్టలోని పల్చటి పొర రక్తంలోని మలినాల్ని ఆ నీళ్లలోకి వదులుతుంది. సూక్ష్మజీవులు ఆ దారిన లోపలికి పోతే పెరిటోనైటిస్, ప్రాణాపాయం.

ఆ సంగతి కోడలు ఏనాడూ మరవలేదు. ఫ్యాను ఆపి, మాస్కు కట్టుకుని, సబ్బుతో చేతులు రుద్ది కడిగాకే గొట్టం ముట్టుకునేది. మిషను తగిలించాక మంచం కింద కూడా చూసి తలుపు బిగించేది.

ఆ నెల ఆమె బయట చేరింది.

"మూడు రోజులూ ఈ గుమ్మం తొక్కకు. నేను చూసుకుంటాను" అంది అత్తగారు. ఆవిడా ఆస్పత్రిలో శిక్షణ తీసుకున్నదే. మడి కట్టుకుని, మాస్కు పెట్టుకుని, చెప్పింది చెప్పినట్టు చేసింది. "ఇలాంటి పట్టింపు డాక్టర్లు చెప్పలేదమ్మా" అన్నాడు కొడుకు. గట్టిగా అనలేదు.

నాలుగోనాడు తలస్నానం చేసి వచ్చిన కోడలు, దిగిన నీళ్ల సంచీని పేపరు మీద పెట్టి చూసింది. అక్షరాలు కనపడలేదు. నీళ్లు బియ్యం కడుగులా ఉన్నాయి. అప్పటికే అతను కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు.

"మైలతో గదిలోకి వచ్చావు కదూ?" అంది అత్తగారు. ఆస్పత్రికి చేరేదాకా అదే మాట. కోడలు ఏడుస్తూనే సంచీ, మిషను గొట్టం జాగ్రత్తగా వెంట తెచ్చింది.

ఆ నీళ్లలో తెల్లకణాలు మైక్రోలీటరుకు నూరు దాటితే చాలు, అనుమానించాలి. ఇక్కడ వేలల్లో ఉన్నాయి. వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు. రెండు రోజులకు కల్చర్ రిపోర్టు వచ్చింది.

"చాలామందికి చర్మం మీది స్టెఫిలోకాకస్ వల్ల వస్తుంది" అన్నాడు డాక్టరు. "ఇది పాశ్చురెల్లా మల్టోసిడా. చాలా అరుదు. మందుకు లొంగుతుంది, భయపడకండి. ఇది పిల్లుల నోట్లో ఉంటుంది. మీరు తెచ్చిన గొట్టం మీద పంటి గాట్లున్నాయి. ఇంట్లో పిల్లి ఉందా?"

"ఉంది నాయనా. మిషను వెచ్చగా ఉంటుందని దాని పక్కనే పడుకుంది. పిల్లికి మైలేమిటి?" అంది తల్లి.

"రోజూ ఆ గదిలోనే పడుకుంటుందా?"

"లేదండీ" అన్నాడు కొడుకు. "రోజూ రాత్రి దాన్ని బయటికి తోలి తలుపు బిగించేది మా ఆవిడే. ఆ మూడు రాత్రులూ ఆమెను బయట ఉంచాం."