మేయరుగారే కన్సోల్ కేబుల్

రౌటరు సెట్టింగు మార్చి, ఎంటర్ కొట్టి, మరుక్షణం ఆ రౌటరుకే పరాయివాడైపోవడం అమెరికాలో మన నెట్‌వర్క్ కుర్రాళ్ళకు కొత్తేమీ కాదు. శనివారం అర్ధరాత్రి చేంజ్ విండో. డాలస్‌లో కూర్చున్నవాడు వర్జీనియా రౌటరులో యాక్సెస్ లిస్టుకు ఒక్క లైను చేరుస్తాడు. ఆ లైను పట్టుకున్న మొదటి దొంగ వాడే.

"అన్నా, పింగ్ పోయింది."

"రీలోడ్ ఇన్ 10 కొట్టావా ముందు?"

"చిన్న మార్పే కదా అని..."

"సరే, డేటా సెంటర్‌కి ఫోన్ చెయ్. ఎవరైనా కన్సోల్ కేబుల్ పెడతారేమో అడుగు."

పది నిమిషాల్లో తనంతట తాను రీస్టార్ట్ అవ్వమని రౌటరుకు ముందే చెప్పి ఉంటే, సేవ్ చెయ్యని ఆ లైను కొట్టుకుపోయి పాత కాన్ఫిగరేషన్ తిరిగొచ్చేది. చెప్పలేదు గనక ఇక రౌటరుకు నేరుగా తగిలించే ఆ లేత నీలం కేబులే దిక్కు. పాస్‌వర్డ్ కూడా పోయిందంటారా, రౌటర్లు చేసే సిస్కో వాళ్ళు దానికీ దారి పెట్టారు. పవర్ ఆపి మళ్ళీ వేసి, మొదటి నిమిషంలోపు బ్రేక్ కొట్టి, కాన్ఫిగరేషన్ రిజిస్టరును 2142కి మారిస్తే రౌటరు సేవ్ చేసిన సెట్టింగుల జోలికి పోకుండా లేస్తుంది. ఎదురుగా వచ్చి నిలబడ్డవాడు యజమానే అయి ఉంటాడని దాని నమ్మకం.

ఆ నమ్మకాన్ని రద్దు చేసే కమాండూ ఉంది. అది వాడి, నగరాన్ని జైలు గేటు దాకా నడిపించిన ఘనుడు టెర్రీ చైల్డ్స్.

శాన్‌ఫ్రాన్సిస్కో నగరపాలన నెట్‌వర్క్‌కు ఫైబర్‌వ్యాన్ అని పేరు. ఈమెయిళ్ళు, జీతాల ఫైళ్ళు, పోలీసు పత్రాలు, చివరికి జైలు బుకింగులు కూడా దానిమీదే నడిచేవి. దాని పాస్‌వర్డులు, పూర్వం అత్తగారి బొడ్లో తాళంచెవుల గుత్తిలా, చైల్డ్స్ ఒక్కడి దగ్గరే ఉండేవి. 2008 జూలై 9న పై అధికారులు పిలిచి ఇవ్వమన్నారు. గదిలో పోలీసు, అవతల స్పీకర్ ఫోన్‌లో మరికొందరు. ఇచ్చాడు. పనిచెయ్యనివి ఇచ్చాడు. కొద్దిరోజులకే అరెస్టు, 50 లక్షల డాలర్ల బెయిలు.

సిస్కో నిపుణులను పిలిపించారు. పాస్‌వర్డ్ రికవరీ తీసేసి ఉంది. కొన్నిచోట్ల సెట్టింగులు తాత్కాలిక మెమరీలోనే ఉన్నాయి, కరెంటు తీస్తే అవీ గోవిందా. విచిత్రమేమిటంటే ఇంత గందరగోళంలోనూ నెట్‌వర్క్ మాత్రం చక్కగా నడుస్తూనే ఉంది. నడుస్తున్నదాన్ని ముట్టుకునే హక్కు తమకు లేకపోవడమే అధికారుల బాధ. ఆ బాధ నాకు అర్థమవుతుంది. ఆఫీసన్నాక ముట్టుకోకుండా ఎలా?

చైల్డ్స్‌దీ తక్కువ తెగులు కాదు. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరికీ ఆ అర్హత లేదన్నాడు; ఇస్తే మేయరుకే ఇస్తానన్నాడు. జూలై 21న మేయరు గావిన్ న్యూసమ్, తర్వాత కాలిఫోర్నియా గవర్నరైన ఆయనే, స్వయంగా జైలుకు వెళ్ళి పాస్‌వర్డులు రాసుకొచ్చారు. కేబుల్ ధర పది డాలర్లుండొచ్చు. శాన్‌ఫ్రాన్సిస్కో మాత్రం మేయరునే పెట్టి కన్సోల్ తెరిపించింది.

2010లో నాలుగేళ్ళ శిక్ష పడింది. ఆపైన దాదాపు 15 లక్షల డాలర్ల పరిహారం కట్టమన్నారు. నగరం మొత్తాన్ని ఒక్కడి బుర్రలో దాచి ఏళ్ళ తరబడి నిశ్చింతగా ఉన్న పై అధికారుల మీద మాత్రం ఏ సెక్షనూ పెట్టలేదు.

మరో ముచ్చట. పాస్‌వర్డ్ చెప్పనందుకు ఇతన్ని బోనెక్కించింది డిస్ట్రిక్ట్ అటార్నీ ఆఫీసు, అంటే అప్పట్లో కమలా హారిస్ ఆఫీసు. బెయిలు తగ్గించొద్దని వాదిస్తూ ఆ ఆఫీసు కోర్టులో ఒక జాబితా దాఖలు చేసింది. అందులో నగరశాఖలు వాడే 150 దాకా వీపీఎన్ యూజర్‌నేములు, పాస్‌వర్డులు. బహిరంగ పత్రం. రహస్యాన్ని మేయరుక్కూడా అంత తేలిగ్గా చెప్పని మనిషి లోపల, ఊరందరికీ చెప్పినవాళ్ళు బయట.

ప్రభుత్వ ఆఫీసులింతేలే అనుకునేవాళ్ళకు ఫేస్‌బుక్ ఉంది. 2021 అక్టోబర్ 4న అక్కడ బ్యాక్‌బోన్ సామర్థ్యం ఎంతుందో చూద్దామని ఒక కమాండ్ కొట్టారు. చూడాల్సింది మిగల్లేదు, లింకులన్నీ పడిపోయాయి. ఇలాంటివి ఆపడానికే ఉన్న తనిఖీ సాఫ్ట్‌వేర్‌లో బగ్గు. ఆపద్ధర్మంగా పెట్టుకున్న వేరే దారి కూడా అదే సమయానికి మూసుకుపోయింది. మనదేశంలో రాత్రి తొమ్మిది దాటాక పోయిన వాట్సాప్ తెల్లవారుజాము దాకా రాలేదు. బంధువులంతా ఒకరినొకరు ఆశీర్వదించుకోకుండానే నిద్రపోయారు.

అక్కడ ఇంజనీర్లనే స్వయంగా డేటా సెంటర్లకు పంపించారు. లోపలికి పోవడానికే ఆలస్యం. పోయాక, చేతికందే దూరంలో ఉన్నా మార్చడం కష్టమయ్యేలా తామే తయారు చేసుకున్న రౌటర్లు ఎదురయ్యాయి. దాదాపు ఆరు గంటలు ప్రపంచాన్ని కూర్చోబెట్టాక కంపెనీ వివరణ రాసింది: రోజూ ఉండే భద్రత కోసం, ఎప్పుడో ఒకసారి ఇలా ఆలస్యమైతే ఆ బేరం గిట్టుబాటేనట.