జూనో కల్యాణ పద్యం: టీకా తాత్పర్య సహితం

ఒంటి కేలు జార నొక్కుమ్మడిని పట్టు
తరుణి యొకని జేరి తలుపు మూయు
వాకిలందు నిలువ వచ్చిన వారికి
చేయి చాచ నేమి చిక్కు నింక

అవతారిక: ఎలుక వీర్యకణం ఎలుక అండాన్ని చేరే ఘట్టం. కవీ వ్యాఖ్యాతా ఒకరే కనుక పాఠాంతరాలు లేవు.

ప్రతిపదార్థం: ఒంటి కేలు = వీర్యకణపు పొర మీది ఇజుమో అనే ఒక్క ప్రోటీన్ అణువు; జారన్ = పట్టు నిలవక జారగా; ఒక్కుమ్మడిని = అవే అణువులు గుంపుగా చేరి; పట్టు = అంటుకొనును; తరుణి = అండము; ఒకనిన్ = ఒకే వీర్యకణమును; చేరి = పొరతో పొర కలిపి; తలుపు మూయు = జూనో అనే రిసెప్టర్‌ను పొర మీదినుంచి రాల్చివేయును. (మూయుటకు రాల్చుట అనే అర్థం ఏ నిఘంటువులోనూ వెదకరాదు.) తక్కినది స్పష్టము.

తాత్పర్యం: 2005లో ఒసాకా పరిశోధకులకు దొరికిన ఇజుమో ప్రోటీన్, పెళ్ళి సంబంధాలు కుదిర్చే దైవమున్న జపాన్ గుడి పేరు పెట్టించుకుంది. ఇది లేని మగ ఎలుకకు సంతానం లేదు. అంతటి వరుడికి వధువు ఎవరో తేలడానికి మరో తొమ్మిదేళ్ళు పట్టింది. కారణం మొదటి పాదంలోనే ఉంది. ఈ జంట పట్టు బలహీనం, క్షణికం. ఒక్కొక్క అణువుతో వెదికితే కడిగేసరికి జారిపోతుంది. ఇంగ్లండులోని సాంగర్ సంస్థలో బియాంకీ, రైట్ ప్రభృతులు ఐదు ఇజుమోలను గుత్తిగా కట్టి వెదికితే 2014లో జూనో చిక్కింది. ఇది రోమన్ల వివాహదేవత పేరు. అంతకుముందు ఆమెను ఫోలేట్ రిసెప్టర్ 4 అనేవారు, ఆమె ఫోలేట్‌ను ముట్టనైనా ముట్టదు!

పూర్వపక్షం: పట్టుకున్నాక కలిసిపోయినట్టే కదా?

సమాధానం: కాదు. ఒక కణానికి ఇజుమోను, మరో కణానికి జూనోను తొడిగితే రెండూ హత్తుకుంటాయి, ఒకటి కావు. అందుకు వేరే ప్రోటీన్లు కావాలి. అండం మీది సీడీ9 వాటిలో ఒకటి. దానికి వేరే పద్యం రాయాలి.

విశేషం: తలుపు పడడానికి సుమారు 40 నిమిషాలు. రాలిన జూనో సన్నని బుడగలుగా అండం చుట్టూ ఉండి, ఆలస్యంగా వచ్చినవారి చేతికి తగులుతుందేమోనని సాంగర్ పరిశోధకుల ప్రతిపాదన. నాలుగో పాదం ఆ బుడగల గురించేనా అని కవిని అడిగాను, అవునన్నాడు.

ఇక్సీ పద్ధతిలో సూదితో వీర్యకణాన్ని నేరుగా లోపలికి పంపితే మాత్రం ఎలుక అండం జూనోను రాల్చదు. ఆ సందర్భంలో రెండో పాదంలోని చివరి రెండు మాటలూ కొట్టివేసి చదువుకోవలెను.