కూర్చుంటే చెల్లని వారంటీ

డ్రాపర్ పోస్టు అంటే మౌంటెన్ బైకు సీటును మోసే గొట్టం. మామూలు గొట్టానికి లేని గుణం దీనికొకటి ఉంది. హ్యాండిల్ మీద బొటనవేలికి అందే లీవరు నొక్కి సీటు మీద బరువు వేస్తే సీటు దిగుతుంది. బరువు తీసి మళ్లీ నొక్కితే లేస్తుంది. గుట్ట ఎక్కేటప్పుడు కాలు బాగా చాపి తొక్కాలంటే సీటు ఎత్తులో ఉండాలి. రాళ్ల దారిలో దిగేటప్పుడు ఒళ్లు వెనక్కి వాల్చాలంటే అదే సీటు అడ్డు తొలగాలి. ఒకప్పుడు గుట్ట మీద ఆగి, క్లాంపు వదులు చేసి, సీటు కిందికి తోసి, మళ్లీ బిగించుకునేవారు. 1984లో అమెరికాలో జో బ్రీజ్, జోష్ ఏంజెల్ అనే ఇద్దరు హైట్-రైట్ అనే స్ప్రింగును తయారుచేసి ఆ శ్రమను కొంత తగ్గించారు. గ్యాసు, నూనెలతో పనిచేసే గొట్టాలు ఈ శతాబ్దంలో వచ్చాయి. 2022 మార్చిలో మిలాన్–సాన్ రెమో రోడ్డు పందెంలో మాతెయ్ మొహొరిచ్ ఇలాంటి పోస్టు బిగించుకొచ్చి, పోజియో కొండ దిగుడులో అందర్నీ వెనకేసి గెలిచాక, రాళ్ల దారులతో పనిలేని రోడ్డు సైకిళ్లవాళ్లూ దీని పేరు నేర్చుకున్నారు.

గొట్టం లోపలి కాట్రిడ్జిలో నూనె, ఒత్తిడితో కూరిన నైట్రోజన్, ఆ రెంటినీ విడదీసే సీలు ఉంటాయి. లీవరు నొక్కితే వాల్వు తెరుచుకుని నూనె ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోతుంది. వదిలితే ఉన్నచోటే ఆగుతుంది. నూనె ఎంత నొక్కినా కుదించుకుపోదు కాబట్టే దాని మీద మనిషి నిబ్బరంగా కూర్చోగలడు. సీలు దాటి నైట్రోజన్ నూనెలో కలిసిందంటే ఆ నిబ్బరం పోతుంది. సీటు వేలెడు మేర కుంగి, లేచి, గతుకు రాగానే మళ్లీ కుంగుతుంది. స్ప్రింగులు సడలిన పాత సోఫా మీద కొండ దిగినట్టుంటుంది. ఇంకో జబ్బు, లోపలి గొట్టం పక్కకు తిరగకుండా ఆపే ఇత్తడి పిన్నులు అరిగి సీటు ముక్కు కుడికీ ఎడమకీ ఊగడం. మూడోది, దిగిన సీటు లేవకపోవడం. ఈ మూడోదానికి చాలాసార్లు దోషి యజమానే. క్లాంపుకు సాధారణంగా 5 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతుంది. బోల్టు కిర్రుమనేదాకా తిప్పితే బయటి గొట్టం నొక్కుకుపోయి లోపలిది ఇరుక్కుంటుంది. అలాంటి ఫిర్యాదులో న్యాయం కంపెనీ వైపే ఉంటుంది. మొదటి రెండు జబ్బుల సంగతి వేరు. వాటితోనే వారంటీ అనే శాస్త్రం మొదలవుతుంది.

వారంటీ పత్రానికి రెండు భాగాలు. మొదటి భాగం ఒకే వాక్యం: ముడిసరుకులో గానీ తయారీలో గానీ లోపం ఉంటే ఇన్నేళ్లపాటు బాగుచేసి గానీ మార్చి గానీ ఇస్తారు. రెండో భాగం మిగిలిన పత్రమంతా. మొదటి భాగాన్ని డబ్బా మీద పెద్ద అక్షరాల్లో అచ్చేస్తారు. రెండోదాన్ని డబ్బాలో మడిచి పెడతారు.

రెండో భాగం ప్రకారం సహజమైన అరుగుదలకు వారంటీ వర్తించదు. సీలు అరగడం సహజమైన అరుగుదల. పోస్టు చెడేది ఎక్కువగా సీలు అరిగే. ఈ మూడు వాక్యాలనూ వరసగా చదవగలిగినవాడు డబ్బు కట్టకముందే ఇంటిదారి పడతాడు. దుర్వినియోగానికీ వారంటీ వర్తించదు. ఎక్కడ తొక్కితే వినియోగం, ఎక్కడ తొక్కితే దుర్వినియోగం అన్నది మాత్రం పత్రంలో ఉండదు, ఫిర్యాదు వచ్చాక తేలుతుంది. ప్రకటనలో ఆ పోస్టు మీది మనిషి రెండు చక్రాలూ నేల విడిచి, బురద చిమ్ముకుంటూ గాల్లో ఉంటాడు. కొన్నవాడి సైకిల్ టైరుకు అనంతగిరి కొండల ఎర్రమట్టి అంటిందంటే మాత్రం కౌంటర్లో కనుబొమలు ముడిపడతాయి. ఈ తర్కం ప్రకారం వారంటీకి పూర్తిగా అర్హమైన డ్రాపర్ పోస్టు ఒక్కటే: డబ్బాలోంచి తీయనిది.

సర్వీసు నిబంధన ఇంకా రుచికరం. చాలా కంపెనీలు పోస్టుకు ఇన్ని గంటలకోసారి సర్వీసు చేయించాలని చెబుతాయి. కారుకు కిలోమీటర్ల మీటరుంది, బోరు మోటారుకు కరెంటు మీటరుంది. సీటు గొట్టానికి గడియారం లేదు. తొక్కినవాడు చెప్పిన గంటలే గంటలు, వాటిని నమ్మాల్సిన పని కంపెనీకి లేదు. పైగా బయట విప్పించారంటే వారంటీ హుళక్కి. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్–మాస్ చట్టం ఇలాంటి ముడులకు అడ్డుకట్ట వేసింది. విప్పితే వారంటీ పోతుందని భయపెట్టే స్టిక్కర్ల మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో ఆరు కంపెనీలకు హెచ్చరిక లేఖలు పంపింది. మన దేశంలో మరమ్మతు హక్కు మీద 2022 జులైలో కమిటీ వేశారు, డిసెంబరులో పోర్టల్ తెరిచారు. ఎంచుకున్న నాలుగు రంగాలు వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు–ఎలక్ట్రానిక్సు, గృహోపకరణాలు, వాహనాలు. సైకిల్ ఊసు లేదు. మన అధికార పరిభాషలో అది ఇంకా వాహనం స్థాయికి ఎదగలేదు కాబోలు.

క్లెయిము తొలిమెట్టు దుకాణం. పది వేలు మొదలు ముప్పై నలభై వేల దాకా పలికే ఈ గొట్టాన్ని కొనేది గచ్చిబౌలిలోనో జూబ్లీహిల్స్‌లోనో, ఏసీ షోరూములో, కాఫీ తాగుతూ. చెడ్డాక అదే కౌంటర్లో కాఫీ ఉండదు. కుర్రాడొకడు వచ్చి సీటును అరచేత్తో నొక్కి చూస్తాడు. అది కదలదు. "మంచిగనే ఉన్నది గద సార్" అంటాడు. అరచేతి బరువెంత, డెబ్బై కిలోల మనిషి బరువెంత అన్న లెక్క వాడికి తెలియక కాదు, ఆ లెక్క అప్పజెప్పడం వాడి ఉద్యోగం కాదు. పట్టుబడితే రెండో మాట వస్తుంది: "ఫ్రేంల ప్రాబ్లం ఉండొచ్చు, ఫ్రేం కంపెనీకి చెప్పుండ్రి." ఫ్రేము కంపెనీ పోస్టు కంపెనీని చూపిస్తుంది. పోస్టు కంపెనీ దిగుమతిదారుణ్ని చూపిస్తుంది. దిగుమతిదారు దుకాణాన్నే అడగమంటాడు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

రెండో మెట్టు సాక్ష్యం. వీడియో పంపాలి, సీటు కుంగడం స్పష్టంగా కనపడాలి. సీరియల్ నంబరు కావాలి. కొన్ని పోస్టుల మీద అది ఫ్రేములోకి దిగిపోయే భాగం మీదే ఉంటుంది, అంటే విప్పితేగానీ కనిపించదు, విప్పింది ఎవరన్న ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది. ఇక బిల్లు. రెండేళ్ల వారంటీకి థర్మల్ కాగితం మీద బిల్లు ఇవ్వడం ఈ వ్యాపారంలో అత్యున్నతమైన చాతుర్యం. హైదరాబాదు ఎండల్లో ఆ కాగితం పర్సులో ఒక వేసవి గడిపిందంటే తేదీ, మొత్తం, జీఎస్టీ నంబరు అన్నీ మాయమై, తెల్లకాగితం మీద దుకాణం లోగో నీడలా మిగులుతుంది. కొన్నరోజే ఆబిడ్స్‌లోనో నాంపల్లిలోనో ఒక జిరాక్సు తీయించుకున్నవాడు బతికిపోతాడు. డాలస్ నుంచి బావమరిది సూట్‌కేసులో తెచ్చిన పోస్టుకైతే బిల్లు చెరిగిపోకపోయినా లాభం తక్కువ. వస్తువు కొన్న దేశంలో, కొన్న డీలరు దగ్గరే తేల్చుకోమనే కంపెనీలు చాలా ఉన్నాయి. గొట్టానికి వీసా అక్కర్లేదు గానీ దాని వారంటీకి కావాలి.

సాక్ష్యం నెగ్గితే పోస్టు విప్పి పంపాలి. రవాణా ఖర్చు, బిగింపు కూలీ సాధారణంగా కొన్నవాడివే. ఈలోగా సైకిల్ సీటు లేకుండా గోడకు ఆనుకుని ఉంటుంది. వేరే గొట్టం పెట్టుకుందామంటే కొలతలు 27.2, 30.9, 31.6 మిల్లీమీటర్లు. చివరి రెంటికీ తేడా 0.7 మిల్లీమీటరే, అయినా ఒకదాని చోట ఇంకోటి పట్టదు. చివరికి కొత్తది వచ్చిందనుకున్నా వారంటీ మళ్లీ మొదలు కాదు, పాతదాని గడువులో మిగిలిన నెలలే దక్కుతాయి. దారిలో గడిచిన నెలలు ఎవరి ఖాతాలోకి పోయాయో అడిగినవాడు మర్యాద తెలియనివాడు.

ఈ వ్యవస్థ పక్కన ఆబిడ్స్ వ్యాపారం ఎంత నిజాయితీగా కనిపిస్తుందో చెప్పనలవికాదు. ఆ పేటకు పేరిచ్చినది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణం. అమ్మినవాడి పేరే పేట పేరయిన చోట, సరుకు చెడితే ఎవరి గుమ్మం ఎక్కాలో వేరే చెప్పనక్కర్లేదు. ఇప్పటి వారంటీలో అమ్మినవాడికి పేరుండదు, టికెట్ నంబరుంటుంది. అక్కడి జగదీశ్ మార్కెట్‌లో పాత ఫోను అమ్మేవాడు "గ్యారంటీ లేదన్నా, ఇక్కడే చూస్కో" అని ముందే చెప్పి, కొనేవాడి ఎదుటే ఆన్ చేసి చూపిస్తాడు. నాంపల్లి నుమాయిష్‌దీ అదే ధర్మం. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో ఇప్పటి మైదానానికి మారిన ఆ ఎగ్జిబిషన్ ఏటా సాధారణంగా జనవరి 1న మొదలై 46 రోజులు నడుస్తుంది. అక్కడ దుప్పటి అమ్మేవాడు నోటితో ఇచ్చే గ్యారంటీ గడువు ఫిబ్రవరి 15 అని చంటిపిల్లాడికీ తెలుసు. అందుకే ఎవడూ మోసపోడు. మోసం జరగాలంటే లామినేట్ చేసిన కార్డు కావాలి.

కార్డు మోసం చేసినప్పుడు వెళ్లాల్సిన చోటూ ఆ చుట్టుపక్కలే ఉంది. నాంపల్లి ముకర్రం జాహీ రోడ్డులోని చంద్రవిహార్ ఏళ్ల తరబడి హైదరాబాదు జిల్లా వినియోగదారుల ఫిర్యాదులు విన్న భవనం. 2020 జులై 20న అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం భాష వారంటీ పత్రం కన్నా సూటిగా ఉంటుంది. అమ్మినవాడు చెప్పిన ప్రమాణానికి వస్తువు తగ్గితే, మాటగా చెప్పినా అర్థంగా తెలిసినా, అది లోపమే. లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి బిల్లులో రాసిన గడువులోగా, గడువే రాయకపోతే 30 రోజుల్లోగా ఒప్పుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. "అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదు" అని గోడకు వేలాడదీసిన బోర్డు ఈ లెక్కన దుకాణదారు తన మీద తానే రాసుకున్న ఛార్జిషీటు. చట్టంలో ఒక చమత్కారం కూడా ఉంది. సీటు కుంగితే అది మామూలు లోపం. కుంగి మనిషి పడి ఎముక విరిగితే ప్రోడక్ట్ లయబిలిటీ అనే వేరే అధ్యాయం, 82 నుంచి 87 దాకా సెక్షన్లు. రెండో అధ్యాయం దాకా ఆగకుండా మొదటిదానితోనే తేల్చుకోవడం ఒంటికి మంచిది.

ఫిర్యాదు కొన్నవాడు ఉండే ఊళ్లోనే వేయొచ్చు, కంపెనీ ముంబైలో ఉన్నా తైవాన్‌లో ఉన్నా. ఎవరి మీద వేయాలన్న చిక్కు డబ్బాతోనే విడిపోతుంది. 2011 నాటి ప్యాకేజ్డ్ కమాడిటీస్ నిబంధనల ప్రకారం దిగుమతి చేసిన ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా ఉండి తీరాలి. అందుకే డబ్బాను పాతపేపర్లవాడికి వేయకూడదు. లోపం పరీక్షిస్తేగానీ తేలదనుకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఆ వస్తువును ల్యాబుకు పంపగలదు. అప్పుడు "మిస్‌యూజ్" అన్న మాటకు కౌంటర్ మీది కనుబొమలు చాలవు, కాగితం కావాలి. ఫిర్యాదు తేల్చడానికి చట్టం చెప్పిన గడువు మూడు నెలలు, పరీక్ష అవసరమైతే ఐదు. ఆ గడువును కమిషన్లు ఎంత పాటిస్తాయన్నది ఇంకో వ్యంగ్య వ్యాసానికి సరిపడే సరుకు.

అంతదాకా పోకుండా తేలే కేసులే ఎక్కువ ఉండాలి, ఎందుకంటే షోరూముకు ఈమెయిలు అంటే చులకన, నోటీసు అంటే భయం. బిల్లు నకలు, డబ్బా మీది చిరునామా ఫొటో, సీటు కుంగే వీడియో ఉన్న పెన్‌డ్రైవు జతచేసి, దుకాణానికీ దిగుమతిదారుకీ ఒకే నోటీసు ఆబిడ్స్ జీపీఓలో పోస్టు చేయాలి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి కౌంటర్లో ఇప్పుడు అడగాల్సింది స్పీడ్ పోస్టే. రసీదు దాచుకోవాలి, అది కూడా థర్మల్ కాగితమే అయితే వెంటనే జిరాక్సు తీయించుకోవాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను నంబరు 1915. జిల్లా కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు ఫిర్యాదు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు, వివాదం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోగా వేయాలి.