గోడకు పడని రంగు

‘ఇంటి ఓనర్లకు 21 సూచనలు’ అనే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. తెల్లాపూర్‌లో వాట్సాప్ ఉన్న ఫోన్ ఏదీ ఈ వారం దాన్ని తప్పించుకోలేదు. మా గేటెడ్ కమ్యూనిటీ గ్రూపులో ఒకే పొద్దున ముగ్గురు పెట్టారు, మూడింటికీ దండాలూ బొటనవేళ్లూ కురిశాయి. మెయింటెనెన్స్ కట్టే పాపానికి అదే గ్రూపులో అద్దెకుండేవాళ్లం కూడా ఉన్నామని ఎవరికీ గుర్తు రాలేదు.

చదివాక నా మీద నాకే అనుమానం వేసింది. టెనెంట్ సొంతూరికి ఫోన్ చేసి వాకబు చేయాలట. ఆఫీసు ఐడీ కార్డు రెండు వైపులా ఫొటో తీసుకోవాలట. బ్యాచిలర్లు వద్దు, కుక్క వద్దు. కులం నేరుగా అడగొద్దు, ‘నాన్‌వెజ్ వండుతారా?’ అని కదిపి చూడాలట. మా మామగారు కూడా నా గురించి ఇంత ఆరా తీయలేదు. ఆయన ఇచ్చింది కూతుర్ని, వీళ్లిచ్చేది టూ బీహెచ్‌కే.

అగ్రిమెంటు 11 నెలలకే రాయాలన్న సూచన మాత్రం పాతదే. ఏడాది దాటితేనే రిజిస్టర్ చేయాలని అందరి నమ్మకం కాబట్టి, పన్నెండో నెలంటే మనవాళ్లకున్న భయం ఆషాఢమంటే కూడా లేదు. ఎండాకాలం ట్యాంకర్ల ఖర్చంతా టెనెంటుదేనట. బోరు ఎండింది మేం రెండుపూటలా స్నానం చేసినందుకేమో!

నన్ను పట్టుకుని వదలనిది పదమూడోది: ‘ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ చార్జీల కింద ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి పట్టుకోండి, గోడ బాగున్నా సరే.’

గోడ బాగున్నా సరే!

రెండు నెలల కిందట నేనూ ఒక ఇల్లు ఖాళీ చేశాను. తాళాలిచ్చే రోజు ఓనర్ గారు పట్టపగలు ఫోన్ టార్చ్ వేసుకుని వచ్చారు. హాలు గోడకు చెంప ఆనించి, ఒక కన్ను మూసి, రసమట్టం చూసే మేస్త్రీలా చూశారు. వేంకటేశ్వరస్వామి క్యాలెండర్ మేకు తీసిన చోట శనగగింజంత గుంత. ‘వాల్ డ్యామేజ్’ అన్నారు. స్విచ్‌బోర్డు కింద వేళ్ల మరక. ‘చూశారా సార్!’ అన్నారు. వంటింట్లో పోపు పొగ. మూడేళ్లు వండుకు తిన్నందుకు తల దించుకున్నాను. ‘మీ ముందున్నాయన మారు మాట్లాడకుండా ఇచ్చి వెళ్లాడు’ అని కూడా అన్నారు. 32,000 పోయాయి.

శనగగింజంత గుంతకు గోరంత పుట్టీ చాలు. పోనీ గోడ మాసిందే అనుకోండి. మనుషులు కాపురముంటే గోడ మాయదా? మాసినందుకే కదా నెలనెలా అద్దె పుచ్చుకున్నది! కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం గోడలకు వెల్లా, తలుపులకూ కిటికీలకూ రంగూ ఓనర్ ఖాతాలోనే రాసింది. అడ్వాన్సు రెండు నెలల అద్దె మించొద్దంది. ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పమంది. తెలంగాణలో అది నమూనాగానే ఉంది. మనకున్న 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమేమో కార్పొరేషన్లలో అద్దె 3,500, మిగతా చోట్ల 2,000 దాటిన ఇళ్ల జోలికే రాదు. ఆ డబ్బుకు తెల్లాపూర్‌లో ఇల్లు చూపించే బ్రోకర్ ఎవరైనా ఉంటే నాకు నంబరు పంపండి.

నా డబ్బు పోతే పోయింది. జీతముంది, నాలుగు తిట్టుకుని ఊరుకుంటాను. తొమ్మిదో సూచన దగ్గర మాత్రం నవ్వు రాలేదు: ‘వరుస గదులు కడితే మీటరు ఒకటే ఉంచి సబ్‌మీటర్లు పెట్టండి, యూనిట్ రేటు మీ ఇష్టం.’ ఇస్నాపూర్, పాశమైలారం ఫ్యాక్టరీల వైపు వెళ్లి చూడండి. రేకుల కింద గదులు. ఒక షిఫ్టువాడు లేస్తేనే ఇంకో షిఫ్టువాడికి చాప దొరుకుతుంది. రేషన్ కార్డున్న కుటుంబం 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు లేదని 2024 మార్చి నుంచి గృహజ్యోతి నడుస్తోంది, అద్దెకున్నవాళ్లకూ వర్తిస్తుంది. పది గదులకు ఒక్క మీటరైతే 200 ఎక్కడ ఆగుతుంది? నారాయణఖేడ్ నుంచి కంపెనీ పనికొచ్చిన సంసారం, ఒక ఫ్యానుకూ ఒక బల్బుకూ ఓనర్ చెప్పిన రేటు కడుతుంది. ఒడిశా, బిహార్ కూలీలకు ఇక్కడి కార్డే లేదు. దీన్ని సూచన అనకండి, దోపిడీ అనండి. కూలివాడి ఫ్యాను గాలి మీద లాభం ఎలా తీయాలో ఒకడు రాయడం, దానికి చదువుకున్నవాళ్లు దండాలు పెట్టడం. సిగ్గుండాలి.

మళ్లీ రంగు దగ్గరికే వస్తున్నాను, ఏమనుకోకండి.

మొన్న ఆదివారం ఆ ఇంట్లో కొత్తగా దిగినాయన ఫోన్ చేశాడు. నా పేరున ఏదో కొరియర్ వచ్చిందట. పెట్టేసే ముందు మొహమాటంగా అడిగాడు: “అన్నా, ఫ్రిజ్ పెట్టే మూల గోడ మీద పెన్సిల్‌తో రైలు బొమ్మ ఉంది. మీ బాబు గీసిండా?”

మాకు పిల్లలు లేరు. మేం దిగిన రోజే ఆ రైలు అక్కడుంది.