పదమూడో ఫొటో

మా బావ బేరమాడి లేచాక, అమ్మినవాడే ఆయనకి బాకీ పడ్డట్టు మొహం పెట్టుకు కూచుంటాడు. చుట్టాల్లో ఎవరు పట్టుచీరలు కొనాలన్నా, స్థలం కొనాలన్నా ఆయన్ని వెంటబెట్టుకెళ్తారు. "ధరనేది లేదు బావా, ఎదుటివాడి ఓపికనేదే ఉంది" అంటూంటాడు. అది నిజం కావడమే నాకు చిరాకు.

అలాంటి బావకి నిరుడు ఫిల్ము కెమెరా పిచ్చి పట్టింది. హైదరాబాదులో ఆయన ఆఫీసు కుర్రాళ్ళు మెళ్ళో పాత కెమెరాలు వేలాడేసుకు తిరుగుతున్నారట. కొడాక్ కంపెనీ 2012లో దివాలా పిటిషన్ వేసినప్పుడు రీళ్ళ రోజులు చెల్లిపోయాయనే అనుకున్నాం. చెల్లలేదు. ఫోనుతో రోజుకి వంద తీసి ఒక్కటీ తిరిగి చూసుకోని వాళ్ళకి, పన్నెండే తీసి ఎలా వచ్చాయోనని ఎదురుచూడటంలో ఏదో రుచి దొరికినట్టుంది. పెంటాక్స్ వాళ్ళయితే 2024లో ఏకంగా కొత్త ఫిల్ము కెమెరాయే అమ్మకానికి పెట్టారు. బావకి కొత్తది అక్కర్లేదు. కొత్తదానికి ఎమ్మార్పీ ఉంటుంది. ఎమ్మార్పీ ఉన్నచోట ఆయనకి తోచదు.

ఆయన కన్ను యాషికా మాట్ 124జీ మీద పడింది. పైనొకటి, కిందొకటి రెండు లెన్సులుంటాయి దీనికి. పైది మనం చూసుకోవడానికి, కిందది ఫొటో తీయడానికి. జపానువాళ్ళు 1970లో మొదలెట్టి 1986 దాకా చేశారు. పొట్టకి ఆనించుకుని, పైమూత తెరిచి, తలవంచి గాజుపలకలోకి చూడాలి. బొమ్మ కుడిఎడమలు తారుమారై కనిపిస్తుంది. మన ఇళ్ళలో పాత పెళ్ళి ఆల్బముల్లో చదరపు ఫొటోలుంటాయే, చాలామటుకు ఇలాంటి రెండు లెన్సుల కెమెరాలతో తీసినవే.

"మీ రాజమండ్రిలో పాత స్టూడియోలు బోలెడు. వాళ్ళకి ఇప్పటి రేట్లు తెలీవు. చూసి పెట్టు బావా" అని ఫోను చేశాడు.

కోటగుమ్మం వెనక సందులో ఒక స్టూడియో నెలాఖరుకి ఖాళీ చేస్తున్నారని తెలిసింది. యజమానికి డెబ్బై దాటాయి. కొడుకు విశాఖపట్నంలో డ్రోన్లతో, ఎల్ఈడీ తెరలతో పెళ్ళిళ్ళు తీస్తున్నాడు. తండ్రిని వచ్చేయమంటున్నాడు. ఆ మాట చెప్పగానే బావ రాత్రికి రాత్రి రైలెక్కి తెల్లారేసరికి దిగాడు.

స్టూడియో లోపలి గోడకి మెట్లూ, పూలకుండీలూ, వెనకాల కొలనూ రంగులతో వేసిన పరదా. పక్కనే మేకుకి ఒక నల్లకోటు, ముడి విప్పని టై. పాస్‌పోర్టు సైజు ఫొటోకి వచ్చినవాళ్ళంతా దాన్నే తొడుక్కునేవాళ్ళట. ఊళ్ళో సగంమంది గుమాస్తాల సర్వీసు రిజిస్టర్లలో ఉన్నది ఆ ఒక్క కోటే అయ్యుంటుంది.

పెద్దాయన పాత పంచెగుడ్డలో చుట్టి ఉన్న తోలుపెట్టె విప్పి, కెమెరా బయటికి తీసి బల్ల మీద పెట్టాడు.

"పద్దెనిమిది వేలండి."

అన్యాయమైన ధరేం కాదు. హైదరాబాదులో అంతకంటే ఎక్కువే చెబుతున్నారని రైలు దిగుతూనే బావే నాతో అన్నాడు. ఇప్పుడా మాట ఎత్తకుండా జేబులోంచి చిన్న టార్చిలైటు తీశాడు. వెనక తలుపు తెరిచి, షట్టరు బీ మీద పెట్టి, మీట నొక్కి పట్టుకుని, వెనకనుంచి లైటు వేసి ముందునుంచి కన్ను ఆనించాడు. లెన్సు అంచున సన్నటి తెల్లటి పోగులు. గోదావరి గాలికి కెమెరాల్లో పెరిగే బూజు.

"ఫంగస్. రెండు వేలు తీసెయ్యండి" అన్నాడు.

తర్వాత షట్టరును ఒక సెకను మీద పెట్టి నొక్కి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. లోపలి పళ్ళచక్రం సన్నగా గురగురమంటూ ఆగి, మళ్ళీ కదిలి మూసుకుంది. "ఈడుస్తోంది. ఇంకో రెండు." వెలుగు కొలిచే మీటరు ముల్లు చచ్చి పడుంది. దానికి 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కావాలి. పాదరసం విషమని ఆ బ్యాటరీల తయారీయే ఆపేశారు.

"మీటరెందుకండీ? ఎండ చూస్తే తెలీదా!" అన్నాడు పెద్దాయన.

"మీకు తెలుస్తుంది మాస్టారూ. మీరు నాతో రారుగా. దానికో రెండు వేలు."

తలుపు అంచున వెలుగు చొరబడకుండా అంటించిన స్పాంజి జిగురైపోయిందని ఇంకొంత, తోలుపెట్టె పట్టీ తెగిందని ఇంకొంత. బావ చెప్పిన ఒక్కో లోపమూ నిజమే. అన్నీ విని పెద్దాయన కెమెరా వైపు చూసి, "ఆయ్, వయసైందండి" అన్నాడు. ఎవరికన్నది చెప్పలేదు.

పదివేల ఐదొందల దగ్గర బేరం ఆగింది. వీధిచివర కొట్టునుంచి టీ తెప్పించాడాయన. టీ తాగుతూ కబుర్లలో పడ్డాం.

ఫిల్ముకి కరువున్న రోజుల సంగతి చెప్పాడు. విదేశీ సరుకు సులువుగా దొరికేది కాదు. ఊటీలోని సర్కారు ఫ్యాక్టరీ చేసే ఇందు రీళ్ళు, తూర్పు జర్మనీనుంచి వచ్చే ఓర్వో రీళ్ళు, వీటితోనే నెట్టుకొచ్చారు. ఈ కెమెరాలో వేసే 120 రీలుకి పన్నెండు ఫొటోలు. పెళ్ళివారు మూడు రీళ్ళకి ఒప్పుకుంటే ముప్ఫై ఆరు. కానీ వధూవరుల పక్కన నించోడానికి ఊరంతా వరసకట్టేది.

"మరెలా సరిపెట్టేవారు?" అన్నాను.

ఆయన నవ్వి, బల్లకింది అరలోంచి పాత ఫ్లాష్ తీశాడు. వెనకవైపు చిన్న బొత్తం చూపించాడు. ఫ్లాష్ వెలుగుతోందో లేదో చూసుకోవడానికి పెట్టిన బొత్తమది. నొక్కితే ఫ్లాష్ వెలుగుతుంది, అంతే. షట్టరు కదలదు, రీలూ కదలదు.

"పెళ్ళికూతురి తండ్రి నా పక్కన నించునేవాడండి. ఆయన కండువా సర్దుకుంటే అసలు ఫొటో. సర్దుకోకపోతే ఎడంచేతి బొటనవేలితో ఈ బొత్తం. ఈ కెమెరాకి చప్పుడెక్కడండీ, పక్కవాడికి కూడా వినపడదు. మొహాన వెలుగు పడిందంటే ఫొటో పడ్డట్టే. దణ్ణం పెట్టి దిగిపోయేవాళ్ళు."

"తర్వాత ఫొటో ఏదని అడగరూ?"

"అడుగుతారండి. లైటు తగిలిపోయిందండీ అనేవాణ్ణి. రీలన్నాక లైటు తగలదా! డబ్బిచ్చినవాళ్ళకి బొమ్మ, ఇవ్వనివాళ్ళకి వెలుగు. దీపం పెట్టడం పుణ్యమేగా!"

బావకి నవ్వు ఆగలేదు. టీ గ్లాసు కింద పెట్టి, కళ్ళు తుడుచుకుని, "ఎంతమందిని ముంచారండీ బాబూ!" అని మళ్ళీ మళ్ళీ నవ్వాడు. మా మేనత్త పెళ్ళిలో నిక్కరేసుకుని పెళ్ళికొడుకు పక్కన నించున్నట్టు నాకు బాగా గుర్తు. ఆల్బములో ఆ ఫొటో లేదు. ఎందుకు లేదో ఆ టీ గ్లాసు దగ్గర తెలిసింది.

"డబ్బుల్లేని వాళ్ళకి కూడా అంతేనా?" అన్నాను.

పెద్దాయన నవ్వు ఆపేశాడు. 1991 పుష్కరాలప్పుడు రేవు దగ్గర ఒక ముసలావిడ, పక్కన ఎవరూ లేరు, ఫొటో తియ్యి నాయనా అందట. కొంగున రూపాయి లేదు. తీసి, కాగితం వేసి, ఆవిడ చెప్పిన చిరునామాకి తనే పోస్టు చేశాడట.

"లేనివాళ్ళు వేరండి. ఇవ్వనివాళ్ళు వేరు" అని గ్లాసులు తీసుకెళ్ళి బయట పెట్టాడు.

ఆయన తిరిగొచ్చేసరికి బావ లేచి నించుని ఉన్నాడు. గుమ్మందాకా వెళ్ళి వెనక్కి రావడం ఆయన బేరంలో ఒక అంగం. రెండుసార్లు వెళ్ళొచ్చాడు. కొడుకు నెలాఖరుకి రమ్మన్నాడని, సామానంతా తూకానికి వేస్తున్నారని ముందే నా దగ్గర కూపీ లాగి ఉన్నాడు కదా, ఆ రెండూ కూడా వాడేశాడు. చివరికి ఆరువేలకి తెగింది.

అక్కడితో ఊరుకుంటే బావ ఎందుకవుతాడు?

"పని చేస్తుందని నాకు నమ్మకమేంటి మాస్టారూ? రీలొకటి వేసి, నన్నొక ఫొటో తీసి ఇవ్వండి. మీ స్టూడియోలో ఆఖరి ఫొటో నాదే అవుతుంది, మీకూ జ్ఞాపకం. దానికి మళ్ళీ డబ్బులేం వేయకండి."

రీలు ఇప్పుడు చవకేం కాదు. "రీలు డబ్బులైనా ఇవ్వు బావా" అన్నాను మెల్లిగా. బల్లకింద నా కాలు తొక్కాడు.

పెద్దాయన ఒక్క క్షణం బావని చూశాడు. ఫొటో తీసేముందు మొహం ఎటు తిప్పితే బాగుంటుందో చూసినట్టు చూశాడు.

"అలాగేనండి" అన్నాడు.

పైన ఇంట్లో ఫ్రిజ్‌లో దాచిన రీలు తెచ్చాడు. వెండిరంగు కాగితం చింపి, కింది గదిలో రీలు కూచోబెట్టి, నల్లకాగితం కొస లాగి పైన ఖాళీ చుట్టలో దోపాడు. కాగితం మీది బాణం కెమెరాలోని గుర్తుకి ఎదురొచ్చేదాకా తిప్పి తలుపు మూశాడు. కుడిపక్క హ్యాండిల్ అందుకుని ఆగేదాకా తిప్పాడు. అన్నేళ్ళ అలవాటు. ఆ వేళ్ళు ఎక్కడా తడుముకోలేదు.

బావ నల్లకోటు తొడుక్కున్నాడు, టై బిగించాడు, పరదా ముందు స్టూలు మీద కూచున్నాడు. పెద్దాయన పక్కపట్టీకి ఫ్లాష్ బిగించి, కెమెరా పొట్టకి ఆనించి తలవంచాడు.

"గడ్డం కాస్త కిందికండి. ఎడంభుజం వెనక్కి. అద్గదీ. నవ్వకండి, నిండుగా ఉండండి."

గది తెల్లబోయింది.

"కళ్ళు మూశానేమో, ఇంకోటి తియ్యండి" అన్నాడు బావ.

"అక్కర్లేదండి. మీకు రావలసినట్టే వచ్చింది" అని పెద్దాయన ఫ్లాష్ ఊడదీసి, కెమెరా తోలుపెట్టెలో పెట్టి, బొత్తం నొక్కి అందించాడు. "ఇంక మీదేనండి. మిగతావి మీరు తీసుకోండి." ఆరువేలూ రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

స్టేషనుకి వెళ్తూ దారి పొడుగునా బావ పన్నెండు వేలు మిగిలాయని చెబుతూనే ఉన్నాడు. హైదరాబాదు వెళ్ళాక ఆఫీసులో, అపార్టుమెంటులో, ఫోన్లలో "ఆ స్టూడియో చరిత్రలో ఆఖరి ఫొటో నాదే" అని చాటాడు. ఫొటో చేతికి రాకముందే చదరపు టేకుఫ్రేము చేయించి హాల్లో మేకు కొట్టించాడని అక్క చెప్పింది.

కొన్నాళ్ళకి ఉత్సాహంగా ఫోను చేశాడు.

"బావా, ఇది కెమెరా కాదు, అక్షయపాత్ర! రీలుకి పన్నెండే అంటారుగా? నాకు పదమూడొచ్చాయి. పెద్దాయన తీసిందొకటి, నేను తీసినవి పన్నెండు. అన్నట్టు, ఎన్నోదో చూపించే అంకె నేను మొదలెట్టేటప్పటికి ఒకటి మీదే ఉంది. పాడైనట్టుంది. ముందే చూసుంటే ఇంకో వెయ్యి తగ్గించేవాణ్ణి."

నేను ఏమీ అనలేదు.

ల్యాబునుంచి నెగటివ్‌లు వచ్చిన రోజు పెద్దాయనకి ఫోను కలిపి, నన్ను కూడా లైనులోకి లాగాడు. అక్క ఉంది, పిల్లలున్నారు, బాల్కనీలో తులసికోట ఉంది, కారుంది. నల్లకోటు లేదట.

"మాస్టారూ, నేను హైదరాబాదునుంచి. యాషికా కొన్నాను చూడండి, నా ఫొటో..."

అటునుంచి, విశాఖపట్నంనుంచి, పెద్దాయన గొంతు ఎంతో మర్యాదగా పలికింది.

"అయ్యయ్యో, లైటు తగిలిపోయిందండీ!"

బావ మారుమాట్లాడకుండా ఫోను పెట్టేశాడు. లైటు తగిలితే పక్క ఫొటోలకి కూడా మచ్చ పడాలి. ఆయన నాకు పంపిన పన్నెండూ శుభ్రంగా ఉన్నాయి. 120 రీలుకి వచ్చేవి పన్నెండు ఫొటోలే.